మంత్రి గారూ, వాక్యంలో చివరి మాట మాకు కావాలి

సమాచార శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పత్రిక డెస్కులో సబ్‌ఎడిటర్‌ని. మొన్నామధ్య ఒక రాత్రి పదకొండు దాటాక, పేజీలు ప్రింటింగ్‌కి పంపే హడావిడిలో ఉండగా, ఒకే వీడియో ఐదు గ్రూపుల నుంచి నా ఫోన్‌కి వచ్చింది. తొమ్మిది సెకన్లే. ఒక నాయకుడు మైకు ముందు నిలబడి "పింఛన్లు ఆపేస్తాం" అంటున్నారు, అక్కడితో అయిపోయింది. చివరి ఫ్రేమ్ దగ్గర ఆపి చూశాను. ఆయన పెదాలు ఇంకా కదులుతున్నాయి.

అసలు ప్రసంగం దొరకడానికి రెండు గంటలు పట్టింది. అధికారిక పేజీలో లేదు, పార్టీ ఛానల్‌లో ముక్కలే ఉన్నాయి. చివరికి ఆ సభకి వెళ్లిన ఒక స్థానిక విలేకరి తన ఫోన్‌లో తీసుకున్న రికార్డింగ్ పంపారు. ఆయన అన్నది ఇదీ: "పింఛన్లు ఆపేస్తాం అని మేం ఎప్పుడైనా అన్నామా?" మన భాషలో అవునో కాదో తేలేది వాక్యం చివరే కదా, ఆ చివర కోసేస్తే చాలు, మాట తలకిందులైపోతుంది. దీనికి ఏఐ కూడా అక్కర్లేదు. ఫోన్‌లో ఉచితంగా దొరికే ఎడిటింగ్ యాప్ చాలు. మర్నాడు మేం నిజం ఏమిటో వేశాం. నాకు ఆ వీడియో పంపిన ఐదు గ్రూపుల్లో ఒక్కదానిలో కూడా ఎవరూ మా వార్తని షేర్ చేయలేదు, నేనే పెట్టాను.

ఇలాంటివి బయటపడినప్పుడల్లా ప్రభుత్వాల నుంచి వినిపించే మాట ఒకటే, పోస్టులు తీసేయించే అధికారం మాకు ఇంకా కావాలని. దయచేసి ఆ దారిలో వెళ్లకండి. ఏది అబద్ధమో తేల్చేది అధికారంలో ఉన్నవాళ్లే అయితే, ఆ కత్తిరించిన తొమ్మిది సెకన్లూ, ఆ విలేకరి తీసిన పూర్తి రికార్డింగూ ఒకే గాటన పోతాయి. ఇవాళ మీరు మంచి ఉద్దేశంతోనే రాసుకున్న నియమం రేపు మీ కుర్చీలో కూర్చునేవాళ్ల చేతికి వెళ్తుంది, అదీ ఆలోచించండి.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. 2023 సెప్టెంబరులో యూరప్‌లోని స్లొవేకియా అనే దేశంలో పోలింగ్‌కి రెండు రోజుల ముందు ఒక ఆడియో తిరిగింది. ఒక పార్టీ నాయకుడూ, ఒక మహిళా జర్నలిస్టూ కలిసి ఎన్నికల రిగ్గింగ్ గురించి మాట్లాడుకుంటున్నట్టు తయారుచేసిన నకిలీ ఆడియో అది. ఎన్నికల గురించి మీడియా, పార్టీలు మౌనంగా ఉండాల్సిన గంటల్లో అది వచ్చింది. మమ్మల్ని మౌనంగా ఉండమన్న సమయంలోనే అబద్ధానికి మైకు దొరికిందన్నమాట! ఆ తర్వాత 2024 జనవరిలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో, అప్పటి అధ్యక్షుడు బైడెన్ గొంతుని ఏఐతో పుట్టించి, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఓటు వేయొద్దని ఓటర్లకు ఫోన్లు చేయించారు. అక్కడ అధికారులు ఆ కాల్స్ ఎక్కడి నుంచి వెళ్లాయో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లి, చేయించిన రాజకీయ కన్సల్టెంట్‌ని పట్టుకుని 60 లక్షల డాలర్ల జరిమానా వేశారు. నేను అడుగుతున్నది ఇదే. తయారుచేసినవాడిని, డబ్బు పెట్టినవాడిని పట్టుకోండి, విన్నవాళ్ల నోళ్లు మూయించొద్దు.

వేగం తగ్గించడం కూడా సాధ్యమే. 2020 ఏప్రిల్‌లో వాట్సాప్, చాలాసార్లు ఫార్వార్డ్ అయిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా మార్చింది, అలాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని ఆ కంపెనీయే చెప్పింది. ఎవరి మెసేజ్ చదవాల్సిన పని లేకుండానే.

కానీ ఏది ఎంత దూరం వెళ్లిందో చూసే కిటికీలు మాత్రం ఒక్కొక్కటీ మూసుకుపోతున్నాయి. ఫేస్‌బుక్‌లో ఏ పోస్టు ఎలా వ్యాపిస్తోందో విలేకరులు, పరిశోధకులు చూసుకునే క్రౌడ్‌టాంగిల్ అనే టూల్‌ని మెటా 2024 ఆగస్టు 14న ఆపేసింది. తమ దగ్గర వచ్చే ప్రకటనల్ని ఎవరైనా చూసేలా మెటా పెట్టిన ప్రకటనల లైబ్రరీ ఉంది, నిజమే, కానీ అందులో ప్రధానంగా కంపెనీకి డబ్బు కట్టి వేయించిన ప్రకటనలే కనిపిస్తాయి. ఒక ఇన్‌ఫ్లుయెన్సర్‌కి పార్టీ చాటుగా డబ్బిచ్చి చేయించుకున్న రీల్ అందులో ఎక్కడ ఉంటుంది? ఆ డబ్బు లెక్క చెప్పి తీరాలన్న నియమం తెస్తే, మీ పార్టీకి కూడా ఇబ్బందే. అయినా తేవాలి.

ఇంకో మాట, ఇది మీకు నచ్చకపోవచ్చు. ఈమధ్య నాయకులు ప్రెస్‌మీట్లు తగ్గించేసి తామే లైవ్ పెట్టుకుంటున్నారు. మధ్యలో విలేకరి లేకుండా నేరుగా జనంతో మాట్లాడొచ్చు, అది మంచిదే. కానీ లైవ్‌లో "మరి పోయిన ఏడాది ఇలా అన్నారు కదండీ" అని ఆపి అడిగేవాళ్లు లేరు. కామెంట్లలో ఎవరైనా అడిగినా అది హార్టుల కింద ఎక్కడో పోతుంది, లేదా డిలీట్ అవుతుంది. ఎదురు ప్రశ్న లేని చోట మీరు నిజం చెప్పినా జనం నమ్మరు, ఆ అపనమ్మకంలోనే ఆ తొమ్మిది సెకన్ల వీడియో బతుకుతుంది.

అందుకే ఒక చిన్న పనితో మొదలుపెట్టండి. మీ తర్వాతి ప్రసంగం పూర్తి వీడియోని, మీరు అన్నది అన్నట్టు రాసిన కాపీతో సహా, ఎవరూ తీసేయలేని విధంగా అధికారిక సైట్‌లో పెట్టించండి. అదే రోజు రాత్రి పదిలోపు పెట్టించండి, పదకొండు దాటితే మా పేజీలు వెళ్లిపోతాయి.

ఇట్లు,
ఒక సబ్‌ఎడిటర్