ఐదుసార్లు మూసేసిన ఫిర్యాదు, ఇంకా వినిపిస్తున్న రొద

కస్టమర్ సర్వీస్ ప్రధానాధికారి గారికి,

అయ్యా,

మీ కంపెనీ ఇచ్చిన ఫిర్యాదు నంబర్లు నా డైరీలో ఐదున్నాయి. ఐదింటికీ "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది. మెసేజ్ వచ్చిన ప్రతిసారీ కార్డ్‌లెస్ ఫోన్ తీసి చెవికి ఆనించుకున్నాను. అదే గుయ్‌మనే రొద. యంత్రం అన్నాక పాడవుతుంది, దానికి నాకు కోపం లేదు. మూడు నెలలుగా మీ వాళ్ళలో ఒక్కరు కూడా ఆ రొద వినకుండానే ఫిర్యాదు మూసేస్తున్నారు. నా కోపమంతా దానికే.

ఈ ఫోన్ మా అమ్మది. ఆమెకు 84 ఏళ్ళు, తుంటి ఎముక విరిగి మంచం మీదే ఉంటోంది. టెక్కలిలో ఉన్న మా చిన్నమ్మ రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తుంది. సెల్‌ఫోన్ అమ్మ చేతిలో నిలవదు, తెర మీద వేలు ఎక్కడ పెట్టాలో తెలియదు. హ్యాండ్‌సెట్ అయితే పెద్ద బటన్ నొక్కితే చాలు. ఈ రొద మొదలయ్యాక మొదటి రెండు వారాలు అమ్మ మాకు చెప్పలేదు. "నా చెవే పోయినట్టుందిరా" అనుకుంటూ ఉండిపోయింది. నేనూ అదే నమ్మి శ్రీకాకుళం తీసుకెళ్ళి చెవుల డాక్టరుకి చూపించాను. మంచం మీద మనిషిని కారెక్కించి అంత దూరం తిప్పాను. చెవులు వయసుకు తగ్గట్టు బాగానే ఉన్నాయన్నారు. ఇంటికొచ్చి ఫోన్ నేను పెట్టుకుని చూస్తే గానీ అసలు సంగతి తెలియలేదు.

మొదటిసారి మీ టోల్‌ఫ్రీకి చేశాను. వైఫై రౌటర్‌కి దూరంగా బేస్ (హ్యాండ్‌సెట్ నిలబెట్టే డబ్బా) పెట్టమన్నారు. రౌటర్ ముందు గదిలో, బేస్ పెరటి గదిలో, మధ్యలో రెండు గోడలున్నాయని చెప్పాను. ఇంకా దూరంగా పెట్టమన్నారు. వంటింటి చివర పెట్టాను. తర్వాత మైక్రోవేవ్ ఆపమన్నారు. మా ఇంట్లో మైక్రోవేవ్ లేదు. ఆ మాట చెప్పాక కూడా ఆ అమ్మాయి "మైక్రోవేవ్ ఆపి మళ్ళీ చూడండి సర్" అని ఇంకో రెండుసార్లు చదివింది. ఎదుటి మనిషి చెప్పేది వింటూ ఎవరూ అలా మాట్లాడరు.

రెండోసారి లైన్‌లోనే లోపం అన్నారు. టెలిఫోన్ ఆఫీసుకి వెళ్ళి రాసిచ్చాను. లైన్‌మన్ మర్నాడే వచ్చాడు. గోడకున్న లైన్ డబ్బాలో తన మామూలు వైరు ఫోన్ పెట్టి విన్నాడు, నన్నూ వినమన్నాడు. తేట నీళ్ళలా స్పష్టంగా ఉంది లైను. మా హ్యాండ్‌సెట్ తీసుకుని కళ్ళు మూసుకుని చెవికి పెట్టుకుని, "ఇది సెట్‌దే బాబూ" అన్నాడు. మొత్తం రెండు నిమిషాలు. మీ కంపెనీ మూడు నెలల్లో చేయని పని అతను రెండు నిమిషాల్లో చేశాడు. ఈ సంగతి చెబితే మీ ఏజెంట్ "వాళ్ళు అలాగే అంటారు సర్" అన్నాడు. ఎండలో పడి ఇంటికొచ్చిన మనిషిని, ఎక్కడో కూర్చుని అంత తేలిగ్గా కొట్టిపారేశాడు.

మూడోసారి బ్యాటరీలన్నారు. ఆ రకం ఛార్జింగ్ బ్యాటరీలు మా బజారులో దొరక్క బరంపురం నుంచి తెప్పించాను. రొద మారలేదు. అదే కాల్‌లో ఫోన్ వాడేవారితోనే మాట్లాడాలని పట్టుబట్టారు. అమ్మకి తెలుగు తప్ప రాదు. మీ మెనూలో మా పిన్‌కోడ్ నొక్కితే ఒడియా, హిందీ, ఇంగ్లీష్ మాత్రమే వస్తాయి. నాకు ఒడియా బాగా వచ్చు, ఒడియాలోనే మాట్లాడుతున్నాను, ఆ భాష మీద నాకు ఏ చిన్నచూపూ లేదు. కానీ మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిసిన ఊరు, ఇప్పటికీ చాలా ఇళ్ళలో తెలుగే. గిడుగు రామమూర్తి గారు పిల్లలకు పాఠాలు చెప్పిన ఊరు. తెలుగు కావాలంటే ఆంధ్ర నంబర్ నుంచి చేయమని మీ వాళ్ళు చెప్పినప్పుడు అమ్మ నా ముఖంలోకి చూసి "ఏటంటన్నారు?" అంది. ఏం చెప్పను?

సర్వీస్ సెంటర్ కథ ఇంకోటి. బరంపురం సెట్ పట్టుకెళ్తే ఈ మోడల్ భువనేశ్వర్‌లోనే చూస్తామన్నారు. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం, భువనేశ్వర్ కంటే శ్రీకాకుళం దగ్గరే కదా అని శ్రీకాకుళం సెంటర్‌కి ఫోన్ చేశాను. బిల్లు ఒడిశాది, కుదరదన్నారు. నదికి అటు మేం ఒడిశా వాళ్ళం, ఇటు మీ మెనూలో తెలుగు లేని వాళ్ళం. మరి ఎవరి కస్టమర్లమో చెప్పండి.

చివరికి మా వీధిలో టీవీలు బాగుచేసే కుర్రాడు వచ్చాడు. హ్యాండ్‌సెట్ పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. నడుస్తుంటే చప్పుడు పెరిగి తగ్గితే తరంగాల గొడవ అనుకోవచ్చు, ఎక్కడున్నా ఒకేలా ఉంటే కరెంటు దారిలో వచ్చేదే అన్నాడు. డబ్బా మీద డెక్ట్ అని ఉంది, ఈ రకం కార్డ్‌లెస్ ఫోన్ 1.9 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, వైఫై 2.4 లేదా 5లో ఉంటుంది, రౌటర్ గురించి మిమ్మల్ని ఊరికే తిప్పారన్నాడు. తన దగ్గరున్న అదే ఓల్టేజీ అడాప్టర్ బేస్‌కి పెట్టాడు. రొద ఆగిపోయింది. అమ్మ ఆ సాయంత్రం చిన్నమ్మతో ముప్పావు గంట మాట్లాడింది.

నాకు ఎంత సంతోషమేసిందంటే, వెంటనే మీకు ఫోన్ చేసి తప్పు దొరికింది, అడాప్టర్ ఒక్కటి పంపండి చాలు అన్నాను. 27 నిమిషాలు లైన్‌లో ఉంచి, బయటి అడాప్టర్ వాడారు కాబట్టి వారంటీ రద్దయిందన్నారు. మర్నాడు ఐదో ఫిర్యాదు కూడా మూతపడింది. ఆ కుర్రాడు అడాప్టర్ తీసుకెళ్ళిపోయాడు, అది వేరే వాళ్ళ సెట్‌ది. అమ్మకి మళ్ళీ రొదే.

ఈ ఇంట్లో మీ ఫోన్ ఇది మూడోది. మొదటిది మా నాన్న కొన్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత కరెంటు వచ్చిన రోజు మా ఇంట్లో మొదట మోగింది మీ ఫోనే. చిన్నమ్మ గొంతు విని అమ్మ ఏడ్చేసింది. అందుకే ఈసారి కూడా దుకాణంలో వేరే కంపెనీది చవగ్గా ఉన్నా వద్దన్నాను. నలుగురికి చెప్పి మీదే కొనిపించాను. ఇప్పుడు వాళ్ళకి ముఖం చూపించలేకపోతున్నాను.

పదిహేను రోజులు చూస్తాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తాను, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తానుండే చోటే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు. శ్రీకాకుళం కారు బాడుగ, డాక్టరు ఫీజు, బ్యాటరీల ఖర్చు, అన్నిటికీ కాగితాలున్నాయి. మా అమ్మ పడిన టెన్షన్‌కి కూడా లెక్క అడుగుతాను. ఈలోగా అడాప్టర్ పంపితే పంపండి. దానికంటే ముందు మీ మనిషి ఒకరు మా ఇంటికొచ్చి, ఆ హ్యాండ్‌సెట్ చెవికి పెట్టుకుని విని, నా ఫిర్యాదులన్నీ వినకుండా మూశామని ఒప్పుకుంటూ రాసిచ్చి వెళ్ళాలి.

ఎప్పుడొస్తారో ముందుగా ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసి చెప్పండి. సాయంత్రం ఏడింటికి మాత్రం చేయకండి, అది చిన్నమ్మ చేసే టైము.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా