ఎక్సెల్ బండ్ల క్యారియర్ల విషయంలో మా పొరపాటు, ఇకపై మా పద్ధతి

మా షెడ్డులో టీవీఎస్ ఎక్సెల్ బండ్లకు పాల క్యాన్లు, కూరగాయల బుట్టలు, కిరాణా బస్తాలు మోసేందుకు క్యారియర్లు చేయించుకున్న వారందరికీ నమస్కారం. మీకు ఒక విషయం దాచకుండా చెప్పవలసి ఉంది. గత వేసవి నుంచి ఇప్పటివరకు మేము వెల్డింగ్ చేసి ఇచ్చిన బండ్లలో మూడింటికి, వెనుక చక్రం పైభాగాన, అతుకు పక్కనే ఛాసిస్ పైపు పగిలింది. వాటిలో ఒకటి తెల్లవారుజామున పాలకేంద్రానికి వెళ్తుండగా పగలడంతో క్యాన్లు రోడ్డు మీద పడిపోయాయి. నడుపుతున్న ఆయనకు దెబ్బలు తగల్లేదు గానీ ఆ పూట పాలన్నీ నేలపాలయ్యాయి. ఆ డబ్బు మేమే ఇచ్చాము, ఎందుకంటే తప్పు మాదే.

ఆ పైపు పల్చనిది. వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ ఉన్న ఇనుము బలం తగ్గి, గతుకుల్లో బరువు ఊగినప్పుడల్లా అక్కడే సన్నని పగులు మొదలై, రంగు కింద కంటికి కనబడకుండా పెరుగుతుంది. పైగా, అడిగినవారికల్లా కాదనలేక క్యారియర్‌ను వెనక్కి పొడిగించి ఇచ్చాము. వెనుక ఇరుసు దాటి పడే బరువు వల్ల ముందు చక్రం తేలికై, మలుపుల్లో హ్యాండిల్ పట్టు తప్పుతుంది. ఎక్సెల్ 100 బండి మోత 130 కిలోలు, అదీ నడిపేవారి బరువుతో కలిపి. 40 లీటర్ల క్యాన్లు రెండు నిండా పోస్తే పాలే 82 కిలోలు దాటుతాయి కనుక, 65 కిలోల మనిషి ఎక్కితే ఖాళీ క్యాన్ల బరువు లెక్కించకుండానే పరిమితి మించిపోతుంది. ఈ లెక్క మొదటి రోజే మీకు చెప్పి ఉండవలసింది.

ఇకపై ఛాసిస్‌కు వెల్డింగ్ చేయము. విడదీయగల వెనుక సీటును తీసి, ఆ సీటు బోల్టుల రంధ్రాలలోనే రబ్బరు వాషర్లతో క్యారియర్‌ను బిగిస్తాము. బరువైన సరుకును సీటుకూ హ్యాండిల్‌కూ మధ్యనున్న ఖాళీలో, కింది పలక మీద పెట్టుకునేలా అడ్డు కమ్మీ ఇస్తాము. ఈ బండికి ఉన్న అసలు సౌకర్యం ఆ ఖాళీయే అని నా నమ్మకం. వెనుక దీపం, ఇండికేటర్లు, నంబరు ప్లేటు కప్పబడేలా ఏదీ చేయము. 2020 తర్వాత వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకు బ్యాటరీ తీయకుండా వెల్డింగ్ చేస్తే ఎలక్ట్రానిక్ భాగాలు పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, బయట ఎక్కడ చేయించుకున్నా ఈ జాగ్రత్త తీసుకోండి.

ఇంజను, సైలెన్సరు మార్చమని అడిగేవారికి మా సమాధానం కాదనే. ఆర్సీలో నమోదైన తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే స్పష్టం చేసింది.

బోల్టు క్యారియర్ ధర 1,800 నుంచి 2,400 రూపాయలకు పెరిగింది, పని ఒక రోజుకు బదులు రెండు రోజులు పడుతుంది. పాత వెల్డింగ్ క్యారియర్ ఉన్నవారు బండిని తీసుకువస్తే, అతుకు దగ్గర రంగు గీకి చూసి, దాన్ని తీసివేసి కొత్తది ఉచితంగా బిగిస్తాము. రోజూ పాలు, గ్యాసు సిలిండర్లు మోసేవారు దయచేసి ముందుగా రండి, అంతవరకు వెనుక క్యారియర్ మీద ఒక్క క్యానుకు మించి పెట్టకండి.