బాగా అమ్ముడుపోయే ఆ మెషిన్‌ను ఎందుకు ఆపేశానంటే

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయే డ్యుయల్ బాయిలర్ (కాఫీకి ఒకటి, పాల నురుగు ఆవిరికి ఒకటి, రెండు బాయిలర్లున్న) ఎస్ప్రెస్సో మెషిన్‌ను అమ్మడం మానేశాను. అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్న వాళ్లందరికీ డబ్బు పూర్తిగా వెనక్కి పంపేశాను. ఎవరికైనా ఇంకా అందకపోతే వెంటనే చెప్పండి.

‘స్టాకు లేదు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవచ్చు. కానీ ఏళ్ల తరబడి నా దగ్గరే కొంటూ, ఇంకో నలుగురికి నా పేరు చెప్పినవాళ్లు మీరు. పైగా అది అబద్ధమవుతుంది. స్టాకు వచ్చింది. నేనే తిప్పి పంపేశాను.

సంగతి ఇదీ. మన దగ్గర ఏ మెషిన్ అయినా కస్టమర్‌కు పంపేముందు డబ్బా విప్పి నడిపి చూస్తాం. ట్యాంకులో నీళ్లు పోసి, బాగా వేడెక్కనిచ్చి, ప్రెషర్ గేజ్ బిగించిన పోర్టాఫిల్టర్ (మామూలుగా కాఫీ పొడి వేసే పిడి గిన్నె) తగిలించి పంపు ఆన్ చేస్తాం. ముల్లు 9 బార్ (ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు) దగ్గర నిలబడాలి. దాటి పోతుంటే ఓవర్ ప్రెషర్ వాల్వు సరిచేస్తాం. పాలకు ఆవిరి పట్టే స్టీమ్ వాండ్ కారుతోందా, పోర్టాఫిల్టర్ బిగించే గ్రూప్ హెడ్ చుట్టూ తడి ఉందా, పంపు ఆపగానే సోలెనాయిడ్ వాల్వు ఒత్తిడిని సరిగ్గా వదులుతోందా చూస్తాం. కొత్త మెషిన్ ట్యాంకులో నీటి చుక్కలు కనిపించి, ‘ఇది ఎవరో వాడిన మెషినా?’ అని కొందరు అడుగుతుంటారు. కారణం ఈ పరీక్షే. వాడిన మెషిన్‌ను కొత్తదని నేను ఎవరికీ అంటగట్టలేదు, అంటగట్టను.

ఈ లాట్‌లో మొదటి డబ్బా విప్పినప్పుడే నాకు అనుమానం తగిలింది. మెషిన్ బాగానే ఉంది. పక్కకు వాల్చి అడుగున వోల్టేజీ, నంబరు రాసి ఉండే రేటింగ్ ప్లేటు చూస్తే సీరియల్ నంబర్ ఒకటుంది, డబ్బా మీద ఇంకొకటుంది. డబ్బా మీది స్టిక్కర్ అంచు కొంచెం లేచి ఉంది. గోటితో మెల్లగా లాగాను. దాని కింద ఇంకో స్టిక్కర్. ప్లేటు మీద ఉన్న నంబరే దాని మీదా ఉంది, పక్కన వేరే ప్రాంతానికి ఉద్దేశించిన మోడల్ కోడ్. పై స్టిక్కర్ వెనక జిగురు ఇంకా తాజాగా, వేలికి అంటుకునేలా ఉంది. రెండో డబ్బా విప్పాను. అదే తంతు. ఇక కూర్చుని అన్నీ విప్పాను.

నంబర్లన్నీ రాసి నేరుగా తయారీ కంపెనీకి పంపాను. వాళ్లు సూటిగానే జవాబిచ్చారు. ఆ నంబర్లు ఇంకో ప్రాంతపు డిస్ట్రిబ్యూటర్‌కు అమ్మినవట. ఇక్కడ వాటికి వారంటీ వర్తించదు. ఆ సీరియల్ నంబర్ల మీద కంట్రోల్ బోర్డు లాంటి విడిభాగాలు ఇక్కడికి పంపరు. వ్యాపార భాషలో దీన్ని గ్రే మార్కెట్ సరుకు అంటారు. నకిలీ కాదు. అదే ఫ్యాక్టరీ, అదే బాయిలర్, అదే పంపు. కాకపోతే రావాల్సిన దారిలో రాలేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. అదృష్టం కొద్దీ వీటి రేటింగ్ ప్లేటు మీద 220–240 వోల్టులనే ఉంది. ఇలా దారి తప్పి వచ్చిన సరుకులో 120 వోల్టుల మెషిన్ ఉంటే సంగతి వారంటీతో ఆగదు. 120 వోల్టుల హీటింగ్ ఎలిమెంట్‌కు 240 ఇస్తే అది నాలుగింతల పవర్ లాగుతుంది. క్షణాల్లో కాలిపోతుంది, ఇంట్లో ప్రమాదం కూడా. తిరగేసి 240 వోల్టుల దాన్ని 120 మీద పెడితే పావు వంతు వేడే పుడుతుంది. వైబ్రేటరీ పంపు కూడా కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే కొట్టుకుంటుంది కాబట్టి 60 హెర్ట్జ్‌కు చేసినది 50 హెర్ట్జ్ మీద ఒకేలా పనిచేయదు. అందుకే ప్లగ్ మార్చుకుంటే చాలనే అమ్మకందారు మాట నమ్మకండి. ముందు ప్లేటు ఫొటో అడగండి.

సప్లయర్‌కు ఫోన్ చేశాను. ఎన్నో ఏళ్ల పరిచయం. బిల్లు గడువు ఒక్కసారి కూడా దాటనివ్వని షాపు నాది. స్టిక్కర్ల సంగతి అడిగితే మొదట తెలియదన్నాడు. ఫొటోలు పంపాక, గోడౌన్‌లో కుర్రాళ్లు పొరపాటున వేశారన్నాడు. ప్రతి డబ్బా మీదా అదే పొరపాటా అని అడిగితే అసలు మాట బయటికొచ్చింది. ‘మెషిన్ అదే కదండీ. నీళ్లు కాగట్లేదా? కాఫీ రావట్లేదా? మీ కస్టమర్లు అడుగు తిప్పి చూస్తారా ఏంటి?’

నాకు కడుపు మండింది ఆ చివరి మాటకే. నా కస్టమర్లు చూస్తారు. చూడకపోయినా నేను చూస్తాను. ఇన్నేళ్లు నా గురించి అతను ఏమనుకున్నాడో ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

తర్వాత తగ్గింపు ఇస్తానన్నాడు. నేను మాట్లాడకపోయేసరికి ఇంకా తగ్గించాడు. నేను రాత్రిళ్లు నిద్రపోకుండా ఆలోచించింది ఇక్కడే. కాస్త వివరంగా చెప్పనివ్వండి.

ఆ మెషిన్ మంచిది. అందులో ఏ సందేహమూ లేదు. ఉన్నదున్నట్టు మీకు చెప్పి, ‘ఇది వేరే ప్రాంతపు సరుకు, కంపెనీ వారంటీ రాదు, నా షాపు వారంటీ ఇస్తాను, అందుకే తక్కువకు ఇస్తున్నాను’ అని అమ్మొచ్చు. అందులో మోసం లేదు. చాలామంది సంతోషంగా కొనేవాళ్లు. ఎదురుచూసి విసిగిపోయిన వాళ్లకు మెషిన్ అందేది, నాకు అమ్మకం జరిగేది. మా ఇంట్లోవాళ్లూ అదే అన్నారు. మెకానిక్ కూడా ‘చూసుకుందాం లెండి’ అన్నాడు.

అప్పుడు బెంచీ మీద ఒక మెషిన్ పై కవర్ విప్పించి, ఏది పాడైతే ఏం చేయగలమో ఒక్కొక్క భాగం చూసుకుంటూ వచ్చాను. గ్రూప్ గాస్కెట్ అనే రబ్బరు వాషర్ వేడికి ఎండి గట్టిపడుతుంది, పోర్టాఫిల్టర్ పక్కల నుంచి నీళ్లు కారతాయి. అది నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. కాఫీ పొడి మీద నీళ్లు చల్లే జల్లెడ, అంటే షవర్ స్క్రీన్ ఉంటుంది. వైబ్రేటరీ పంపు చాలా బ్రాండ్లలో ఒకే తరహాది, దొరుకుతుంది. సోలెనాయిడ్ కాయిల్, సేఫ్టీ వాల్వు, రబ్బరు రింగులు, అన్నీ తెప్పించగలను. కంట్రోల్ బోర్డు దగ్గర ఆగిపోయాను. రెండు బాయిలర్ల ఉష్ణోగ్రతను నడిపేది అదే. ఆ మోడల్‌కు తప్ప ఇంకెక్కడా పట్టదు. కంపెనీ ఇవ్వకపోతే బయట దొరకదు. ఆవిరి, తేమ దగ్గర్లో ఉండే బోర్డు అది, ఎప్పటికీ పాడవదని ఎవరూ రాసివ్వలేరు. పాడైన రోజున మీరు నాకు ఫోన్ చేస్తారు. వారంటీ ఇచ్చానన్న మాట ఉంటుంది, చేతిలో బోర్డు ఉండదు. ఒక మెషిన్ విప్పి ఇంకో దానికి వేస్తూ ఎన్నాళ్లు నెట్టుకొస్తాను?

చేయలేనని ముందే తెలిసిన పనికి నా పేరు మీద వారంటీ కాగితం రాయలేను. మర్నాడే లాట్ మొత్తం తిప్పి పంపాను. రవాణా ఖర్చు నా మీదే పడింది. దాని గురించి ఇంకా గొడవ నడుస్తోంది, వదలను. ఆ సప్లయర్‌తో ఇక లావాదేవీ లేదు. రేపు ఇంటికొచ్చి బతిమాలినా లేదు.

ఈ విషయం తెలిశాక మన పాత కస్టమర్ ఒకాయన నాకో లింకు పంపారు. అదే మెషిన్, మన ధర కంటే బాగా తక్కువ. ‘వాళ్లకు లేని పట్టింపు మీకెందుకండీ?’ అని అడిగారు. ఇంకెవరో నేను డబ్బు సర్దలేక సరుకు వెనక్కి పంపానని కూడా అన్నారట. దానికి జవాబివ్వను, బాధ మాత్రం కలిగింది. మొదటి ఆయన ప్రశ్నకు మాత్రం జవాబు ఉంది, అది అందరికీ పనికొస్తుంది. నా దగ్గర కొనకపోయినా సరే.

తక్కువ ధర ఇచ్చే ప్రతివాడూ మోసగాడు కాదు. ఆ ధరలో ఏం లేదో అడిగి తెలుసుకోండి. వారంటీ ఎవరిది, కంపెనీదా షాపుదా? చెడిపోతే మెషిన్ ఎక్కడికి పంపాలి, పంపే ఖర్చు ఎవరిది? బాయిలర్ ఉన్న మెషిన్ బరువు చిన్నది కాదు, ఒక్కసారి రాకపోకలకే మీరు ఆదా చేసింది కరిగిపోవచ్చు. డబ్బు కట్టకముందే సీరియల్ నంబర్ అడగండి. దాన్ని కంపెనీకి పంపి, ఇక్కడ వారంటీ ఉందా అని అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్లు నంబర్ ఇవ్వడానికి వెనకాడరు. ఇన్‌వాయిస్ మీద ఆ నంబర్ రాసివ్వమంటే నసిగితే అక్కడితో ఆపేయండి.

విడిభాగాల గురించి ఇంకో చిన్న పరీక్ష. కొనబోయే మోడల్ పేరు చెప్పి, ‘గ్రూప్ గాస్కెట్ ఉందా, ఎంత మందం?’ అని అడగండి. ఈ61 అనే డిజైన్ గ్రూప్ హెడ్ ఉన్న మెషిన్లలోనే 8 మిల్లీమీటర్లది, 8.5 మిల్లీమీటర్లది ఉంటాయి. తప్పు మందం వేస్తే పోర్టాఫిల్టర్ హ్యాండిల్ సరైన చోట బిగుసుకోదు. రిపేరు చేసేవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. డబ్బాలు చేతులు మార్చేవాళ్లకు అర్థం కూడా కాదు.

మంచి షాపు మిమ్మల్ని కూడా ప్రశ్నలు అడుగుతుంది. మీ ఇంటి నీళ్లు ఎలాంటివి? గట్టి నీళ్లయితే బాయిలర్‌లో సున్నం పేరుకుంటుంది, చాలా కంపెనీలు ఆ నష్టాన్ని వారంటీ కింద ఒప్పుకోవు. ఆర్‌వో నీళ్లే మేలనుకుంటే అదీ చిక్కే. ఖనిజాలు మరీ తక్కువైతే కొన్ని మెషిన్లలో బాయిలర్ నీటి మట్టం చూసే ప్రోబ్ నీళ్లను గుర్తించదు, బాయిలర్ నిండినా ఇంకా నింపుతూనే ఉంటుంది. గ్రైండర్ ఏది ఉంది? ఎస్ప్రెస్సోకు సరిపడా సన్నగా, సమంగా నూరే గ్రైండర్ లేకుండా డ్యుయల్ బాయిలర్ కొంటానంటే, ‘ముందు గ్రైండర్ కొనండి, చిన్న మెషిన్‌తో మొదలుపెట్టండి’ అని చెప్పగలిగిన షాపునే నేను నమ్ముతాను. డబ్బా మీద ‘15 బార్’ అని పెద్దక్షరాలతో ఉన్నదాన్ని గొప్పగా చూపించే షాపును నమ్మను. అది పంపు అందుకోగల గరిష్ఠ ఒత్తిడి. కాఫీ దిగాల్సింది దాదాపు 9 బార్ దగ్గరే.

రివ్యూలు చదివితే మొదటి వారంలో రాసినవి పక్కన పెట్టండి. కొత్త మెషిన్ అందరికీ నచ్చుతుంది. రెండేళ్ల తర్వాత పంపు ఆగిపోయినప్పుడు షాపువాళ్లు ఫోన్ ఎత్తారా లేదా అని రాసినవాళ్లను వెతికి చదవండి.

ఇక మన సంగతి. ఇంతకు ముందు నా దగ్గర ఈ మెషిన్ కొన్నవాళ్లు కంగారుపడొద్దు. రిజిస్టరులో ఉన్న ప్రతి నంబరూ మళ్లీ కంపెనీతో సరిచూశాను. అన్నీ ఇక్కడికి వచ్చిన అసలు సరుకే, వారంటీ అలాగే ఉంది. ఆ నంబర్ల మీద కంట్రోల్ బోర్డులు కొన్ని ముందుగానే తెప్పించి అల్మారాలో పెట్టాను. మెషిన్ అమ్మడం ఆపినా సర్వీసు ఆగదు. గాస్కెట్లు, స్క్రీన్లు, గ్రూప్‌ను శుభ్రం చేసే బ్యాక్‌ఫ్లష్ పొడి ఎప్పటిలాగే దొరుకుతాయి.

దాని స్థానంలో ఈ61 గ్రూప్ ఉన్న ఒక హీట్ ఎక్స్‌ఛేంజర్ మెషిన్‌ను (ఒకే బాయిలర్‌తో ఆవిరీ కాఫీ నీళ్లూ ఇచ్చేది) చూస్తున్నాను. ఈ61 గ్రూప్ ఫేమా కంపెనీ 1961లో తెచ్చిన డిజైన్. ఎందరో తయారీదారులు ఈనాటికీ అదే గ్రూప్ వాడుతున్నారు కాబట్టి దాని భాగాల కోసం ఒక్క కంపెనీ గుమ్మం దగ్గర పడిగాపులు పడక్కర్లేదు. పాల నురుగుకూ కాఫీకీ రెండు బాయిలర్లు కావాలని పట్టుబట్టేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. వాళ్లను ఒప్పించాలని నేను ప్రయత్నించను. ఎప్పుడొస్తుందని తేదీ చెప్పలేను. ఈసారి విడిభాగాల పెట్టె ముందు వస్తుంది, మెషిన్లు తర్వాత వస్తాయి. సప్లయర్‌కు ఆ షరతే పెట్టాను, ఒప్పుకుంటేనే బేరం. అడ్వాన్సులు కూడా సరుకు చేతికొచ్చి, నంబర్లు సరిచూశాకే తీసుకుంటాను.

ఆగలేక వేరేచోట కొంటున్నవాళ్లు ఉంటే నాకేమీ కోపం లేదు. కట్టేముందు రేటింగ్ ప్లేటు, డబ్బా మీది స్టిక్కర్, రెండిటి ఫొటోలు అడిగి తీసుకుని నాకు పంపండి. రెండు నంబర్లూ కలుస్తున్నాయో లేదో, ఆ వోల్టేజీ మీ ఇంటికి సరిపోతుందో లేదో చూసి చెబుతాను.