చేలో దిగావని బెంగ దేనికిరా బావా

ఒరేయ్ బావా,

నిన్న రాత్రి ఫోన్లో అంత నీరసంగా మాట్లాడావేంటిరా? పందెం పూర్తవకుండానే నీ గ్లైడర్‌ని, ఆ ఇంజను లేని విమానాన్ని, చేలో దింపావని చిన్నబోయావు. నువ్వు చేసింది సరైన పనేనని నేనెంత మొత్తుకున్నా వినలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, చదువు.

అక్కడ ఒంటిగంటకి మీరు పందెం మొదలుగీత దాటితే మాకు సాయంత్రం నాలుగున్నర. కాలవలు కట్టేశారుగా, లాకుల దగ్గర గట్టు మీద కూర్చుని చీకటిపడ్డాక కూడా ఫోన్లో మీ గ్లైడర్లు ఎక్కడున్నాయో చూపే చుక్కలే చూశాను. మొదటి మలుపు దాకా ఎదురుగాలి. మిగతావాళ్ళు థర్మల్, అదే పైకి లేచే వేడిగాలి, దొరికిన చోటల్లా చుట్లు తిరిగి ఎత్తు కూడబెట్టారు, తిరిగినంతసేపూ గాలి వాళ్ళని వెనక్కి నెట్టింది. నువ్వేమో మేఘాల వరస పట్టుకుని తిన్నగా పోయి, తక్కువ ఎత్తులోనే మలుపు తిప్పి, ఆ తర్వాత చుట్లు మొదలెట్టావు. ఇక అదే గాలి నిన్ను పోవాల్సిన దిక్కుకే మోసుకెళ్ళింది. ఎంత బాగా ఆడావురా! గట్టు మీద ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను.

ఇక ఆఖరి దారి. మళ్ళీ ఎదురుగాలే. నీ గ్లైడర్‌ని గాలి వీచనప్పుడు రాజమండ్రి మీద కిలోమీటరు ఎత్తున వదిలితే 40 కిలోమీటర్లు పోతుంది, అంటే కొత్తపేట దాటేస్తుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే 40 ఎదురుగాలి తగిలిందనుకో, నేల మీద సాగేది 60 మాత్రమే. ఆ 40 కిలోమీటర్లు కాస్తా 24 అవుతాయి. రావులపాలెం కూడా చేరవు! నిన్న నీకున్నది 400 మీటర్ల ఎత్తు, ఆఖరి గీతకింకా 14 కిలోమీటర్లు. లెక్క ప్రకారం పదికి కూడా చాలదు.

"ఆ చిన్న థర్మల్‌లో ఇంకాసేపు ఓపిక పట్టాల్సింది" అన్నావు. అదీ చూద్దాం. సెకనుకి అర మీటరు ఎక్కుతున్నావు, ఆ సెకనులోనే గాలి నిన్ను 11 మీటర్లు వెనక్కి తోస్తోంది. ఆ అర మీటరు ఎత్తుతో ఎదురుగాలిలో నువ్వు ముందుకు పోయేది 12 మీటర్లు. మిగిలేది ఒక్క మీటరు! ముందు చూస్తే అడవి. ఎత్తుండగానే గడ్డి కోసిన చేను చూసుకుని, గాలికి ఎదురుగా దింపావు. గీత చేరలేదు కాబట్టి వేగం పాయింట్లు పోయాయి, నిజమే. దూరానివి ఉన్నాయిగా. గ్లైడర్‌కి చిన్న గాటు కూడా పడలేదు, రేపు మళ్ళీ ఎగరొచ్చు.

మన కోనసీమలో అయితే దిగడానికి చోటేదిరా, కొబ్బరితోట కాకపోతే చేను గట్టు! పొద్దున పదకొండింటికి కోతలైన చేల మీద గద్దలు తిరుగుతుంటే నువ్వే గుర్తొస్తావు. తర్వాత అంతర్వేది వైపు నుంచి చల్లటి సముద్రపు గాలి లోపలికొచ్చేసరికి థర్మల్స్ చల్లబడిపోతాయి. మీకక్కడ సాయంత్రం ఆరుదాకా దొరుకుతున్నాయంటే నాకు అసూయే.

ఒకటి అడగాలి. బరువు కోసం రెక్కల్లో నింపిన నీళ్ళు ఎప్పుడు వదిలావు? ఆ చిన్న థర్మల్‌లోకి దూరకముందా, చేను చూసుకున్నాకా? ఎదురుగాలికి బరువు మంచిదే కానీ, ఎక్కడానికి అదే అడ్డం. నువ్వెలా తేల్చుకున్నావో వివరంగా రాయి.

రేపటి టాస్క్, అదే ఎగరాల్సిన దారి, ఇవ్వగానే మలుపులెక్కడో, గాలి ఎటునుంచో పంపించు. అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ఉంటానురా.