పఠన విభాగం వార్షిక నివేదిక, 2023–24

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది కవి సమ్మేళనం, పిల్లల కథల పోటీ, పాత పుస్తకాల అమ్మకం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో నోటీసు బోర్డులో ఉంది, ఒకసారి చూసుకోండి.

నెలకో పుస్తకం అన్న మన నియమం ఈ ఏడాది ఒక్కసారి తప్పింది. చైనా వ్యాపారి డెస్మండ్ షమ్ రాసిన ఆత్మకథ 'రెడ్ రౌలెట్' మొదలుపెట్టాక నెలలో తేలలేదు. షాంఘైలో పుట్టి, హాంకాంగ్‌లో పెరిగి, అమెరికాలో డిగ్రీ చదివిన షమ్, తన భార్య డ్వాన్ వెయ్‌హోంగ్‌తో కలిసి బీజింగ్‌లో కోట్ల డాలర్ల వ్యాపారం నడిపాడు. దానికంతటికీ మూలధనం అప్పటి చైనా ప్రధాని వెన్ జియాబావ్ భార్య జాంగ్ బెయ్‌లీతో డ్వాన్‌కున్న చనువే. లాభంలో ఆ కుటుంబానికి 30 శాతం అని నోటిమాటగా అనుకున్నామని, కాగితం మీద ఏమీ పెట్టుకోలేదని షమ్ రాశాడు. ఇది ఆయన చెప్పిన మాట. వెన్ బంధువుల చేతిలో కనీసం 270 కోట్ల డాలర్ల ఆస్తులున్నాయని 2012లో న్యూయార్క్ టైమ్స్ రాసినప్పుడు, కుటుంబం తరఫు లాయర్లు ఖండించారన్నదీ మరిచిపోకూడదు.

మనవాళ్లు అందరికన్నా ఎక్కువ మాట్లాడుకున్నది బీజింగ్ విమానాశ్రయం సరుకు గిడ్డంగుల గురించి. షమ్ దంపతులు తలపెట్టిన ఆ ప్రాజెక్టుకు రకరకాల ఆఫీసుల నుంచి 150 అనుమతి ముద్రలు పడాలి. ప్రతి ముద్ర వెనకా ఒక అధికారి, ఆయనకో విందు, ఓ ఖరీదైన సీసా. కస్టమ్స్ వాళ్లయితే తమ సిబ్బందికి బాస్కెట్‌బాల్ కోర్టు, టెన్నిస్ కోర్టులు, థియేటర్, కరోకే గది కూడా కట్టించమన్నారట. ఆ పేజీ చదివినప్పుడు హాలంతా నవ్వులే. ఈలోగా అండగా ఉన్న విమానాశ్రయ సంస్థ అధిపతి లీ పెయ్‌యింగ్ అరెస్టయ్యాడు, పనులు ఆగాయి. లంచాల కేసులో ఆయనకు 2009లో మరణశిక్ష అమలు చేశారు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు.

మున్సిపల్ ఆఫీసులో చేసి రిటైరైన మన సభ్యులొకరు "ఇందులో కొత్తేముందండీ, చేయి తడపందే మన దగ్గర మాత్రం ఫైలు కదులుతుందా?" అన్నారు. చాలామంది తలలూపారు. నా మటుకు నాకు ఆ పోలిక సగమే కుదురుతుంది. డ్వాన్ 2017 సెప్టెంబర్‌లో బీజింగ్‌లో కనిపించకుండా పోయింది. అంతకు కొద్ది నెలల ముందే, ఆమెకు సన్నిహితుడైన, చైనా కమ్యూనిస్టు పార్టీ పొలిట్‌బ్యూరో (అగ్ర కమిటీ) సభ్యుడు సున్ జెంగ్‌సాయ్ పదవి ఊడింది. ఆమె మీద ఏ కేసు పెట్టారో ఎవరూ ప్రకటించలేదు. నాలుగేళ్ల తర్వాత, 2021 సెప్టెంబర్‌లో పుస్తకం బయటికొచ్చే ముందు, అప్పటికే విడాకులు తీసుకుని కొడుకుతో ఇంగ్లండ్‌లో ఉంటున్న షమ్‌కు ఆమె ఫోన్ చేసింది. పుస్తకం ఆపమని అడిగింది, కొడుకుకేమైనా అయితే ఎలా అంది. మన దగ్గర మనిషి కనిపించకపోతే కనీసం హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్) వేసుకునే దారుంది. అది చిన్న తేడా అని నేననుకోను.

అయితే షమ్‌ను సత్యహరిశ్చంద్రుడిగా చదవనక్కర్లేదు. "డబ్బులొచ్చినన్నాళ్లూ ఈయనకు ఆ పద్ధతిలో తప్పు కనబడలేదా?" అని మన కోశాధికారి గారు అడిగిన ప్రశ్నకు పుస్తకంలో నాకు గట్టి జవాబు దొరకలేదు. లోపలివాడు కాబట్టే ఆయనకు ఇన్ని సంగతులు తెలిశాయి, లోపలివాడు కాబట్టే కొన్ని తనకు అనుకూలంగా చెప్పుకుని ఉండొచ్చు. రెండూ కలిపే చదవాలి.

దీనికి అనుబంధంగా చార్టర్డ్ అకౌంటెంట్ అయిన మన సభ్యురాలొకరు, చైనా ఆన్‌లైన్ వ్యాపార సంస్థ అలీబాబా స్థాపకుడు జాక్ మా వ్యవహారం వివరించారు. 2020 అక్టోబర్‌లో ఆయన బ్యాంకు నియంత్రణలను విమర్శించారు. నవంబర్ 3న, షేర్ మార్కెట్లో లిస్టింగ్‌కు రెండు రోజుల ముందు, ఆయన స్థాపించిన ఆర్థిక సేవల సంస్థ యాంట్ గ్రూప్ ఐపీఓను (జనానికి తొలిసారి షేర్లు అమ్మడాన్ని) నిలిపేశారు. షేర్లలో మదుపు పెట్టే సభ్యులు అడిగిన ప్రశ్నలకు టైమ్ సరిపోక మరో ఆదివారం కూడా కూర్చోవాల్సి వచ్చింది.

వచ్చే ఏడాది జాబితాలో కథలు, నవలలు ఎక్కువ ఉండాలని మహిళా సభ్యులు కోరారు, కమిటీ ఒప్పుకుంది. 'రెడ్ రౌలెట్' మన లైబ్రరీ కాపీ ఇంకా వెనక్కి రాలేదు. తీసుకెళ్లినవారు రిజిస్టర్‌లో సంతకం కూడా చేయలేదు. సర్వసభ్య సమావేశం లోపు దయచేసి అందజేయగలరు.

ఇట్లు,
కార్యదర్శి, పఠన విభాగం