ఎన్డీఏ లెక్కల పేపరు తెలుగులో కూడా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఆర్మీ సిగ్నల్స్‌లో 22 ఏళ్లు చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు ఊళ్లో పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. వాళ్లలో ఒకమ్మాయి ఎన్డీఏ, అంటే త్రివిధ దళాల ఆఫీసర్లను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, ప్రవేశ పరీక్షకు తయారవుతోంది. తల్లి పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్తుంది. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ, తెలుగు మీడియం.

మొన్న ఆదివారం మా అరుగు మీద కూర్చోబెట్టి, పాత పేపరు ఇచ్చి, టైము చూస్తూ రాయించాను. సంభావ్యత లెక్క ఒకటి వచ్చింది. సంచిలోంచి తీసిన బంతుల్లో ‘ఎట్ మోస్ట్ టూ’ ఎర్రవి ఉండే సంభావ్యత ఎంత అని ప్రశ్న. అమ్మాయి దాన్ని ‘ఎట్ లీస్ట్’ అనుకుంది. కనీసం రెండు అనుకుని చేసిన ఆ లెక్కలో ఒక్క తప్పు లేదు. సంయోగాలన్నీ సరిగ్గా వేసింది, భిన్నం కూడా చక్కగా కొట్టివేసింది. జవాబు మాత్రం తప్పు. "గరిష్ఠంగా రెండు అని ఉంటే చేసేదాన్ని మాస్టారూ" అంది. నా వైపు చూడలేదు, పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

ఆ పేపరులో 120 ప్రశ్నలు, రెండున్నర గంటలు. అంటే ప్రశ్నకు 75 సెకన్లు. ఒప్పయితే రెండున్నర మార్కులు, తప్పయితే 0.83 కోత. లెక్క వచ్చిన పిల్లకి ఒక్క ఇంగ్లిష్ మాట దగ్గర మూడు మార్కులకు పైగా పోయాయి.

ఎన్డీఏ ప్రశ్నపత్రాన్ని యూపీఎస్సీ ఇంగ్లిష్, హిందీలలోనే ఇస్తుంది. పట్నాలోనో మేరఠ్‌లోనో హిందీ మీడియంలో చదివిన కుర్రాడికి అదే ప్రశ్న తన భాషలో కూడా కనిపిస్తుంది. అతనికి అది తీసేయమని నేను అనను, అనకూడదు కూడా. మా అమ్మాయికీ ఇవ్వమంటున్నాను.

ఆఫీసర్ కావాలంటే ఇంగ్లిష్ రావద్దా అని అడుగుతారు. రావాలి. అందుకే రెండో పేపరులో ఇంగ్లిష్‌కు విడిగా 200 మార్కులు ఉన్నాయి. ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీ అనే ఎంపిక బోర్డు అయిదు రోజులు కూర్చోబెట్టి, నిలబెట్టి, మాట్లాడించి చూస్తుంది. దానికి మరో 900 మార్కులు. ఇంత జల్లెడ ఉండగా లెక్కల పేపరులో మళ్లీ భాషను పరీక్షించడం దేనికి? నేను జబల్‌పూర్ ట్రైనింగ్ సెంటర్‌లో దిగిన రోజు నాకు హిందీ ఒక్క ముక్క రాదు. ఆరు నెలలు తిరక్కుండానే వచ్చేసింది. నా పక్క మంచం నాగాలాండ్ కుర్రాడిది. అతనికీ అలాగే వచ్చింది. ఎన్డీఏకి ఎంపికైన పిల్లలు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని అకాడమీలోనే మూడేళ్లు ఉంటారు. ఆ తర్వాత మరో ఏడాది ట్రైనింగ్. భాష నేర్చుకోవడానికి అంత సమయం చాలదా?

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. కోరుకొండ, కలికిరి లాంటి సైనిక్ స్కూళ్లలో ఆరో తరగతి ప్రవేశ పరీక్షను పదేళ్ల పిల్లలు తెలుగులో రాయవచ్చు. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ పరీక్ష 2024 నుంచి తెలుగులోనూ పెడుతున్నారు. 2025లో అగ్నివీర్ రాతపరీక్షకూ తెలుగు వచ్చింది. ఇవన్నీ మంచి పనులే. కానీ జవాను పరీక్షకు పనికొచ్చిన తెలుగు ఆఫీసర్ పరీక్ష దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోయింది? ఐఏఎస్ మెయిన్స్ తెలుగులో రాయనిస్తున్నది కూడా ఇదే యూపీఎస్సీ.

ఇప్పుడు స్కూళ్లన్నీ ఇంగ్లిష్ మీడియమే కదా అని కొందరంటారు. మన ప్రభుత్వ బడుల పుస్తకాలు తెరిచి చూడండి. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉంటాయి. పిల్లల కళ్లు ఎటు పోతాయో పాఠం చెప్పేవాళ్లకు తెలుసు.

ఆడపిల్లలకు ఎన్డీఏ తలుపు తెరవడానికి 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. 2025 మే 30న మొదటి బ్యాచ్‌లో 17 మంది అమ్మాయిలు అకాడమీ నుంచి పాసై బయటికొచ్చారు. ఆ పరేడ్ వీడియోను మా అమ్మాయి నా ఫోన్‌లో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. తలుపు తెరిచారు సరే, గడప దగ్గర భాష అడ్డం పడితే పేదింటి పిల్ల లోపలికి ఎలా వెళ్తుంది? దీనికి కోర్టు దాకా పోనక్కర్లేదు. రక్షణ శాఖ, యూపీఎస్సీ కూర్చుని నిర్ణయిస్తే చాలు. మన రెండు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో ఈ మాట ఎత్తాలని కోరుతున్నాను. ముందు లెక్కల పేపరుతో మొదలుపెట్టినా సంతోషమే.

వయోపరిమితి దాటేలోగా అమ్మాయికి ఇంకా రెండు అవకాశాలున్నాయి. ప్రస్తుతానికి ఒక నోట్‌బుక్ పెట్టాం. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు తెలుగు. ‘ఎట్ మోస్ట్’తో మొదలుపెట్టి నిన్న రాత్రికి 212 మాటలు రాశాం.

ఇట్లు
ఒక మాజీ హవల్దార్,
శ్రీకాకుళం జిల్లా