ఊహాలోకపు పడవకైనా నీటి లోతు తెలియాలి

సంపాదకుల వారికి,

నమస్కారాలు. మీ ఆదివారం సంచికలో పిల్లల కోసం కేటాయించిన పుటలో కొన్ని నెలలుగా ఊహాలోకాల పటాలు, అక్కడి నగరాల బొమ్మలు, ఓడల బొమ్మలు అచ్చవుతున్నాయి. 31 ఏళ్ళు ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం చెప్పి పదవీ విరమణ చేసిన నేను, పత్రిక రాగానే ముందుగా తెరిచేది ఆ పుటనే. ఎవరో రాసిన కథకు బొమ్మ వేయడంతో సరిపెట్టుకోకుండా, పిల్లలు తమదే అయిన ఒక లోకాన్ని కల్పించుకుని దానికి ఏరులూ ఊళ్ళూ రేవులూ ఓడలూ సమకూర్చుకోవడం ఎంతో సంతోషించదగ్గ విషయం. అయితే వాటిలో చాలా బొమ్మల్లో మంచుకొండ మీద ఒక కోట, దాని కింద మూడంతస్తుల ఓడ ఉంటున్నాయి. కింద పిల్లల ఊరి పేరు చూస్తే రాజోలనీ, తాళ్ళరేవనీ, నరసాపురమనీ ఉంటోంది. ఏటిగట్టు మీదుగా నడిచి బడికి వెళ్ళే పిల్లలకు తమ లోకంలో ఒక్క ఏటిగట్టయినా గీయాలని తోచకపోవడం చూసి బాధ కలిగి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మంచుకొండలు గీయకూడదని నా ఉద్దేశం కాదు. ఊహించిన చోటు చూసేవారి మనసులో నిలవాలంటే అది అక్కడే ఎందుకు ఉందో, ఆ ఓడ ఆ ఆకారంలోనే ఎందుకు ఉందో గీసినవారికి తెలిసి ఉండాలని, అటువంటి కారణాలు మన డెల్టాలో అడుగడుగునా కనిపిస్తాయని చెప్పదలిచాను.

కిందటి సంవత్సరం తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు, దగ్గరి పట్టణంలో ఒక పాఠశాలవారు పెట్టిన చిత్రలేఖన పోటీకి తాను కల్పించుకున్న లోకపు పటాన్ని పట్టుకెళ్ళింది. అందులోని నదికి అది పెట్టుకున్న పేరు జడయేరు. పైనుంచి ఒకే జడగా దిగివచ్చి, సముద్రం దగ్గరపడేసరికి ఏడు పాయలుగా విడిపోతుంది. ఒక పాయలో అడుగు చదునుగా ఉన్న పొడవాటి పడవ, దాన్ని గట్టు మీద నుంచి తాడుతో లాగుతున్న నలుగురు మనుషులు ఉన్నారు. పరిశీలించిన పెద్దమనిషి పటాన్ని పక్కన పెట్టి, నదులు కలుస్తాయే గాని విడిపోవని, ఇది భూగోళం తెలియక చేసిన తప్పని, పైగా ఊహాలోకపు ఓడ ఇంత బోసిగా ఉండకూడదని చెప్పారట. ఇంటికి వచ్చి ఆ పిల్ల నన్ను అడిగిన మాట ఇంకా నా చెవుల్లో ఉంది: “అమ్మమ్మా, మరి మన గోదావరి కూడా తప్పేనా?”

ఆ పెద్దమనిషి మాటలో సగం నిజం లేకపోలేదు. కొండల్లో, పీఠభూముల్లో వాగులు వచ్చి ఏటిలో కలుస్తాయి. అక్కడ ఏరు తనకు తానుగా రెండుగా చీలి రెండు సముద్రాలకు పోవడం చాలా అరుదు, పిల్లల పటాల్లో మాత్రం ఆ పొరపాటు తరచుగా కనిపిస్తుంది. కాని ఒండ్రు మోసుకొచ్చే నది చదును నేలకు చేరి వేగం తగ్గినప్పుడు ఆ ఒండ్రును దించుకుంటుంది; తాను దించిన మేటే తనకు అడ్డమై, పక్కకు మరో దారి చూసుకుంటుంది. మన గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమిగా, వసిష్ఠగా విడిపోవడం, వసిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ చీలడం అలా జరిగినవే. మనవాళ్ళు పాయలకు ఎక్కువగా ఋషుల పేర్లు పెట్టి సప్తగోదావరి అని పిలుచుకున్నారు. జడయేరు ఏడు పాయలు కావలసిన చోటే ఏడు పాయలయింది. ఆ పటంలో నిజంగా తప్పున్నది మరోచోట: ఏడు పాయలనూ ఒకే వెడల్పుతో గీసింది. నిజానికి ఒకటి రెండు పాయలు నీటినంతా లాక్కుంటుంటే, మిగిలినవి పూడుతూ తూడుతో, తుంగతో నిండిపోతుంటాయి. ఆ మాట చెప్పగానే రెండు పాయలు సన్నబడ్డాయి, ఒక పాయ చివర పాడుపడిన రేవు ఒకటి పుట్టింది.

పాడుపడిన రేవు కోసం ఆ పిల్ల ఎక్కడికీ పోనక్కరలేదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగువారిని బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు ఆ రేవును ముంచాయి, ఆ తరువాత ఒండ్రు పూడ్చింది. ఇప్పుడు కోరంగి అంటే అందరికీ తెలిసినది మడ అడవి. అక్కడికి దగ్గరలోనే హోప్ ఐలాండ్ ఉంది. దాదాపు 200 ఏళ్ళలో ఇసుక మేటగా పెరిగిన ఆ దీవి కాకినాడ అఖాతానికి అలల నుంచి కాపుగా నిలిచింది. ఒక చోట రేవు పూడిపోవడం, మరో చోట దీవి లేవడం, రెండూ ఒకే నది పని కావడం కంటే అద్భుతమైన కల్పన నాకు తోచదు. ఇక ఊళ్ళ పేర్లు: లంక, తిప్ప, మెరక, పాలెం, రేవు. అల్లవరం మండలంలో సముద్రపుటొడ్డున ఓడలరేవనే ఊరుంది, ఆ పేరు వినగానే కథ మొదలవుతుంది. నోరు తిరగని పరాయి శబ్దాలు కూర్చి ఊరి పేరు చేసే పిల్లలకు, మెరక అన్న ఒక్క మాటలో వరద ఎక్కడిదాకా వస్తుందో ఇమిడి ఉందని ఎవరైనా చెప్పాలి.

పడవల సంగతి నేను కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే అది నా కళ్ళతో చూసినది. మా నాన్నగారు ఒక కలప అడితీలో గుమాస్తాగా పనిచేసేవారు. ఇళ్ళు కట్టే వడ్రంగులు వచ్చి నిటారుగా ఉన్న దుంగలను ఏరుకునేవారు. పడవలు కట్టేవారు మాత్రం వాళ్ళు తోసేసిన వంకర తుమ్మ కొమ్మల దగ్గర కూర్చుని, ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసి, వేలితో గాలిలో వంపు గీసుకుని పక్కన పెట్టుకునేవారు. పడవ పక్కటెముకలకు చెట్టు తానుగా వంగిన కొమ్మే కావాలి. నిటారు చెక్కను కోసి వంపు తెస్తే నార తెగి, దెబ్బకు అక్కడే విరుగుతుంది. పలకల సందుల్లో నూనెలో తడిపిన నార కూరి, సుత్తితో దట్టించి, పైన గుగ్గిలం పట్టిస్తున్నప్పుడు వచ్చే వాసన ఇప్పటికీ నాకు గుర్తే. అడుగు చదునుగా ఎందుకని చిన్నతనంలో నేను అడిగితే, పాటు తీసినప్పుడు, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, పడవ బురద మీద ఒరగకుండా కూర్చోవాలమ్మా అని ఒక ముసలాయన చెప్పాడు. మా మనవరాలి పడవ బోసిగా లేదు. లోతు తక్కువ నీటికి సరిపోయేలా ఉంది. ఇక తాడు లాగేవాళ్ళ విషయానికి వస్తే, గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టున తాడు అన్నదే మన కాలువల్లో సరుకు పడవలు నడిచిన పద్ధతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలకు, పడవలను ఒక నీటిమట్టం నుంచి మరో మట్టానికి దాటించే లాకులు కట్టారు గనుక, పడవ వెడల్పు ఎంత ఉండాలో లాకు తలుపులే నిర్ణయించేవి. కోట ద్వారంలో పట్టని ఓడను కోటలోపల గీసే పిల్లలకు ఈ ఒక్క సంగతి చెబితే చాలు.

కొందరు మిత్రులు, ఇన్ని లెక్కలు పెడితే ఊహకు సంకెళ్ళు వేసినట్లు కాదా అని అడిగారు. మన పూర్వులు అలా అనుకోలేదు. ఉప్పు, చెరకురసం, కల్లు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీరు అని ఏడు సముద్రాలను ఊహించిన పౌరాణికులు, ప్రతి ద్వీపం చుట్టూ దానంత వెడల్పే ఉన్న సముద్రాన్ని, దాని అవతల రెట్టింపు వెడల్పున్న మరో ద్వీపాన్ని పెట్టారు. పాలసముద్రానికి కూడా కొలత ఉంది. భోజరాజు పేరున ఉన్న ‘యుక్తికల్పతరువు’ అనే సంస్కృత గ్రంథం ఓడల గురించి చెబుతూ, నాలుగు తెరచాప కొయ్యల ఓడకు తెలుపు, మూడింటికి ఎరుపు, రెండింటికి పసుపు, ఒక్కదానికి నీలం రంగు వేయమంటుంది. ముక్కుకు సింహం, ఏనుగు, పాము, కప్ప మొదలైన తలలు చెబుతుంది. గది ముందు భాగంలో ఉంటే యుద్ధానికీ దూరప్రయాణానికీ, నడుమ ఉంటే వానకాలపు విహారానికీ అని విడదీస్తుంది. సముద్రంలోని అయస్కాంతపు రాళ్ళు లాగేస్తాయి కాబట్టి పలకలను ఇనుముతో బిగించకూడదని కూడా అందులో ఉంది. ఆ రాళ్ళు ఊహే కావచ్చు. కాని ఆ ఒక్క ఊహ నుంచి ఇనుము లేని ఓడ, తాళ్ళతో కుట్టిన పలకలు, ఆ కుట్టు తెలిసిన పనివాళ్ళు, ఆ పనివాళ్ళ పేట అన్నీ వరసగా పుట్టుకొస్తాయి. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మను చూసిన పిల్లలకు, మనకూ ఒక ఓడ రూపం ఉండేదని వేరే చెప్పనక్కరలేదు.

మా మనవరాలు ఇప్పుడు గీస్తున్న పటంలో ఒకే ఒక్క నియమాన్ని మార్చింది: ఆ లోకంలో రోజూ రాత్రి పోటు జడయేరు పొడవునా కొండల దాకా ఎక్కుతుంది, తెల్లవారేసరికి పాటు తీస్తుంది. నేను అడిగిన ప్రశ్నలకల్లా అదే జవాబు వెతుక్కుంది. రాత్రి ఉప్పునీరు వస్తే వరి ఎక్కడ పండుతుంది? మెరకల మీదే. తాగేందుకు నీరు? వాననీటి తొట్లలో. ఎగువకు వెళ్ళే పడవలు పోటుతో రాత్రిపూటే వెళ్ళాలి కాబట్టి సంత అర్ధరాత్రి జరుగుతుంది, సుంకం వసూలు చేసేవాళ్ళు పగలు నిద్రపోతారు, ప్రతి పడవ అణియంలోనూ, అంటే ముక్కు భాగంలో, దీపం ఉంటుంది. మనకు వరదల రోజుల్లోనే ఏటికి ఎదురీదే పులస చేప అక్కడ రోజూ వస్తుంది, అందువల్ల దానికి మన దగ్గర ఉన్న విలువ లేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75, 13.75, 17.75 అడుగులకు చేరినప్పుడు మూడు ప్రమాద హెచ్చరికలు ఎగరేసినట్టే, అక్కడి నగరంలో ఒక రాతి స్తంభానికి మూడు ఎత్తుల్లో మూడు గంటలు వేలాడుతుంటాయి. నీరు తాకినప్పుడు ఆ గంట మోగడం ఆగిపోతుంది. మోగకపోవడమే హెచ్చరిక కావడం పూర్తిగా దాని ఆలోచన. పి. గన్నవరంలో వైనతేయ మీదుగా కాలువను దాటించిన అక్విడక్టును చూసి వచ్చాక, పటంలో ఏటి మీద ఏరు, పై ఏటిలో పడవ, కింది ఏటిలో పడవ, పైవాడు కిందివాడికి బుట్టలో ఉత్తరం దించడం చేరాయి.

కాబట్టి తమకు నా విన్నపం ఇది. పిల్లలు పంపే ప్రతి బొమ్మతోనూ నాలుగు వాక్యాలు రాయించి, బొమ్మ పక్కనే అచ్చు వేయండి: ఈ నీరు ఎక్కడి నుంచి వచ్చింది, ఎంత లోతు, పడవ ఏ కలపతో కట్టారు, దాన్ని ఎవరు నడుపుతారు. బహుమతి ఆ నాలుగు వాక్యాలు చూసి ఇవ్వండి. మా ప్రాంతపు చిత్రలేఖన ఉపాధ్యాయులను కూడా అడుగుతున్నాను: ఏడాదికి ఒక్కసారైనా పిల్లలను తరగతి గది నుంచి రేవుకు తీసుకువెళ్ళండి, పడవ పక్కన ఒక మనిషిని నిలబెట్టి కొలతతో గీయించండి. ఫైబరు పడవలు వచ్చాక చెక్క పడవలు కట్టే చేతులు తగ్గిపోతున్నాయి. అణియం, అమరం (పడవ వెనుక భాగం), గెడ, చుక్కాని వంటి మాటలు ఆ చేతులతో పాటే వెళ్ళిపోతున్నాయి. ఇప్పటికీ మా వైపు ఆ పని తెలిసిన పెద్దలు కొందరున్నారు, ఎండ తగ్గిన సాయంత్రం వేళ అడిగితే ఓపికగా చెబుతారు. ఈ వేసవి సెలవుల్లో మా మనవరాలినీ మరో నలుగురు పిల్లలనూ వారి దగ్గరకు తీసుకువెళుతున్నాను. వారు గీసినవి, నాలుగేసి వాక్యాలతో సహా, జూన్ నెలలో తమకు పంపుతాను.

ఇట్లు,
విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయిని,
కోనసీమ